అవును, మేం కబుర్లు చెప్పుకుంటూనే తొక్కుతాం

మా మీద ఒక అభియోగం ఉంది. "ఈ ఆడవాళ్ళు సైకిలు తొక్కడానికొస్తారా, సొల్లు చెప్పుకోడానికొస్తారా?" అని. ఇది ఏ ఒక్కరి మాటో కాదు. ఆదివారం పొద్దున్నే సైకిళ్ళేసుకుని గచ్చిబౌలి వైపు బయల్దేరే ఏ నలుగురు ఆడవాళ్ళనడిగినా ఈ మాట విన్నామనే చెప్తారు. అనేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదండోయ్. హెల్మెట్టు దగ్గర్నుంచి బూట్ల దాకా అన్నీ అమర్చుకుని, లక్ష పైచిలుకు పెట్టి కొన్న సైకిలు మీద మమ్మల్ని దాటిపోతూ, "కొంచెం సీరియస్‌గా తొక్కండి మేడం, ఇలాగైతే స్టామినా రాదు" అని ఓ ఉచిత సలహా పారేసి వెళ్ళే పెద్దమనుషులు.

నా జవాబు సూటిగా చెప్పేస్తాను. మేం రెండిటికీ వస్తాం. ఆ కబుర్లే లేకపోతే మాలో సగం మంది అసలు సైకిలు ఎక్కేవాళ్ళే కాదు. ఎక్కినవాళ్ళలో సగం మంది నెల తిరక్కుండా దిగిపోయేవాళ్ళు. కాబట్టి మా కబుర్లని వెక్కిరించడమంటే, మమ్మల్ని రోడ్డు మీంచి మర్యాదగా దింపేయడమే. పెద్ద మాటలా ఉందా? ఎందుకంటున్నానో చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

ముందు మేం ఏం మాట్లాడుకుంటామో వినండి. మేం ఐదుగురం. ఒకావిడ బ్యాంకు ఉద్యోగి, వరంగల్ మనిషి, మా అందరికీ అక్క. ఇంకొకావిడ లెక్కల టీచరు, భీమవరం వైపు, రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్నారు. ఒకమ్మాయి టెస్టింగులో చేస్తుంది, మాలో చిన్నది. నాలుగో ఆవిడ ఇంట్లోనే ఇడ్లీ పిండి రుబ్బి చుట్టుపక్కల ఇళ్ళకి ఇస్తుంది. ఐదోదాన్ని నేను, పదిహేనేళ్ళ నుంచి కోడు రాసుకుని బతుకుతున్నదాన్ని. మా మామూలు రోజు సంభాషణ ఇలా ఉంటుంది:

"ఏందే పిల్లా, గంత జోరుగ పోతున్నవ్? ముందల ఎవరన్న లడ్డూలు పంచుతున్నరా?"

"లేదక్కా, మీ మేనేజరు కథ మళ్ళీ మొదలెడతారేమోనని పారిపోతున్నా."

"ఇన్నరా టీచరమ్మా దీని మాటలు! రేపు పంక్చరైతది గద, అప్పుడు చూస్త ఎవరొస్తరో."

"పంక్చరు సంగతి తర్వాత, ముందు ఆ చున్నీ కొస నడుముకి ముడెయ్యమనమ్మా. గొలుసులో పడితే లాగడానికి మళ్ళీ నేనే వంగాలి. నా మోకాళ్ళ సంగతి మీకు తెలుసుగా!"

"మీరు వంగితే మిమ్మల్ని లేపడానికి మేం నలుగురం దిగాలండీ."

ఇదీ వరస. సొల్లే కదా? ఇప్పుడు నిదానంగా లెక్కేయండి. ముందు పోయేవాళ్ళు వెనకవాళ్ళకి మరీ దూరం కాకూడదని ఒక మాట. పంక్చరైతే ఎవరో ఒకరు ఆగుతారన్న భరోసా ఒకటి. చున్నీ గొలుసులో పడకుండా ఒక హెచ్చరిక. మోకాలి నొప్పి ఉన్న మనిషిని దృష్టిలో పెట్టుకుని తొక్కండని ఒక గుర్తు. ఐదు మాటల్లో ఇన్ని ఉన్నాయి. ఇవే నాలుగు విషయాలు ఒకాయన మైకు పట్టుకుని బోర్డు మీద రాసి చెప్తే దాన్ని 'సేఫ్టీ బ్రీఫింగ్' అంటారు. నవ్వుతూ చెప్పాం కాబట్టి సొల్లయింది.

ఇంకొన్ని వినండి. ఫలానా కిరాణా కొట్టు సందులో నాలుగు కుక్కలున్నాయి, ఆరున్నర లోపు వెళ్ళొద్దు, ఆ తర్వాత కొట్టాయన వచ్చి బిస్కెట్లేస్తాడు, ఇక అవి ఎవర్నీ పట్టించుకోవు. ఫలానా పెట్రోలు బంకులో బాత్రూము తాళం అడిగితే విసుక్కోకుండా ఇస్తారు. ఫలానా మలుపులో మ్యాన్‌హోలు మూత రోడ్డుకి జానెడు కిందకి ఉంది, వానాకాలం నీళ్ళు నిలిస్తే కనపడదు. ఇవేవీ ఏ మ్యాపులోనూ ఉండవు. నేను వృత్తిరీత్యా డేటా మధ్య బతికే మనిషిని కాబట్టి చెప్తున్నా, హైదరాబాదులో ఆడమనిషి సైకిలు తొక్కడానికి కావలసిన డేటా అంతా మా ఐదుగురి నోళ్ళలో ఉంది. రోజూ అప్‌డేట్ అవుతుంది కూడా.

అన్నిటికన్నా ముఖ్యమైంది సీటు. మన దగ్గర సైకిలు కొన్న ఆడవాళ్ళు చాలామంది మొదటి వారంలోనే మానేసేది కాళ్ళ నొప్పులకి కాదు, కూర్చునే చోట నొప్పికి. సగటున ఆడవాళ్ళ తుంటి అడుగు ఎముకల మధ్య దూరం ఎక్కువ. వాటికి ఆనుకోను వెడల్పు లేని సన్నటి సీటు మీద కూర్చుంటే బరువు పడకూడని చోట పడుతుంది. సీటు మార్చినా, ఒక్కోసారి దాని ముక్కు రవ్వంత కిందికి దించినా సగం బాధ పోతుంది. ఈ ముక్క షాపు కుర్రాడికి తెలియదు. తెలిసినా చెప్పడు. మనం అడగం. మా చిన్నది రెండు వారాలు పళ్ళు బిగబట్టి తొక్కింది, ఎవరికీ చెప్పుకోలేక. మా అక్క మొహం చూసి కనిపెట్టింది. "కూసునే కాడ నొస్తుందని షాపాయనకు ఎట్ల చెప్తవే? నాకు చెప్పు. నవ్వుత గని మందు చెప్త" అంది. నవ్వింది కూడా, సిగ్నలు దగ్గర అందరూ తిరిగి చూసేంత. తర్వాత పాన అడిగి తెచ్చి సీటు సరిచేసింది. సిగ్గు అడ్డం పడే విషయాలు మన ఆడవాళ్ళ మధ్య వేళాకోళం మీదెక్కి తప్ప దాటవు. అది మా అమ్మమ్మల కాలం నుంచీ ఉన్న పద్ధతే.

మరి మగవాళ్ళు మాట్లాడుకోరా? భేషుగ్గా మాట్లాడుకుంటారు. టీ కొట్టు దగ్గర సైకిళ్ళు ఆనించి, వెనక గేరుకి 28 పళ్ళుండాలా 32 ఉండాలా అని ముప్పావుగంట వాదించుకోవడం నేను కళ్ళారా చూశాను. ఆ ముప్పావుగంటలో మేం ఇంటికి పోయి పిల్లల్ని బడికి తయారు చేసేశాం. అయినా వాళ్ళది 'టెక్నికల్ డిస్కషన్', మాది బాతాఖానీ! గేరు పళ్ళ గురించి మాట్లాడొద్దని నేననను. బాగా మాట్లాడుకోండి. ఒకరి మాటలకి విజ్ఞానమని పేరు, ఇంకొకరి మాటలకి వాగుడని పేరు ఎవరు పెట్టారు అనేదే నా ప్రశ్న.

ఈ రోగం ఇప్పటిదీ కాదు, మన ఒక్కరిదీ కాదు. 1890లలో అమెరికాలో, ఇంగ్లండులో ఆడవాళ్ళు సైకిళ్ళెక్కినప్పుడు కొందరు డాక్టర్లు 'సైకిలు మొహం' అనే జబ్బునే కనిపెట్టారు. పడిపోకుండా నిలదొక్కుకునే ఆయాసంలో మొహం బిగుసుకుపోయి, కళ్ళు ముందుకి పొడుచుకొస్తాయట. 1895లో అక్కడి పత్రికల్లో సైకిలు తొక్కే ఆడవాళ్ళు చెయ్యకూడని 41 పనుల జాబితా ఒకటి అచ్చయింది. బట్టల గురించి నీతులు ఎలాగూ ఉన్నాయి. నన్ను ఆపింది మాటల మీద పెట్టిన ఆంక్షలు. ఎంత దూరం తొక్కారో గొప్పలు చెప్పుకోవద్దట. సైకిలు వాళ్ళ యాస భాష వాడొద్దట, అది మగపిల్లలకి వదిలెయ్యాలట. దారిలో ఆవు ఎదురైతే కేకలు పెట్టొద్దట! హైదరాబాదు రోడ్ల మీద ఆవు ఎదురైతే కేకలు పెట్టక హారతివ్వమంటారా? చూశారా, నూట ముప్పయ్యేళ్ళ కిందట కూడా పెద్దమనుషులకి ఆడది సైకిలెక్కడం ఒక బాధ, ఎక్కి నోరు విప్పడం ఇంకో బాధ.

సరే, సముద్రాలవతల సంగతి వదిలేద్దాం. మన పక్కనే తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లా ఉంది. 1990ల మొదట్లో అక్కడ 'అరివొళి ఇయక్కం' అని అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ చదువుతో పాటు సైకిలు కూడా నేర్పించాలని పట్టుబట్టారు. ఆడవాళ్ళకి సైకిళ్ళు కొనుక్కోను అప్పులిప్పించారు. పొలం కూలీలు, క్వారీల్లో రాళ్ళు కొట్టే ఆడవాళ్ళు, అంగన్‌వాడీ వాళ్ళు వేలకి వేలు నేర్చుకున్నారు. 1992 మహిళా దినోత్సవం నాడు పదిహేను వందల మందికి పైగా ఆడవాళ్ళు హ్యాండిళ్ళకి జెండాలు కట్టుకుని ఊరేగితే పుదుక్కోట్టై ఊరు నోరు తెరుచుకుని చూసింది. తెలుగు కుటుంబంలో పుట్టిన పాత్రికేయుడు పి. సాయినాథ్ ఆ ముచ్చటంతా 1996లో వచ్చిన తన 'ఎవ్రిబడీ లవ్స్ ఎ గుడ్ డ్రాట్' పుస్తకంలో రాశారు.

అందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. లేడీస్ సైకిళ్ళు దొరక్క కొందరు జెంట్స్ సైకిళ్ళు కొన్నారు. తీరా కొన్నాక, మాకివే బాగున్నాయన్నవాళ్ళు ఉన్నారు. ఎందుకు? సీటుకీ హ్యాండిలుకీ మధ్య కడ్డీ ఉంటుంది కదా, దాని మీద పిల్లని కూచోబెట్టుకోవచ్చు! ఆడవాళ్ళ సౌకర్యం కోసమని కడ్డీ తీసేసి 'లేడీస్ సైకిలు' తయారుచేసిన ఇంజనీర్లకి, ఆడమనిషి ఒంటరిగా బయటకి రాదు, చంకలో పిల్ల కూడా వస్తుందన్న మాట తట్టలేదు. పదిమంది ఆడవాళ్ళు ఒకచోట చేరి మాట్లాడుకుంటే మాత్రం తట్టింది.

ఇంకో సంగతి. అక్కడ కొత్తవాళ్ళకి నేర్పినవాళ్ళు కూడా అప్పుడప్పుడే నేర్చుకున్న ఆడవాళ్ళే. సైకిలు మీద పాటలు కట్టుకుని పాడుకున్నారు. మొదట్లో వాళ్ళని నోటికొచ్చినట్టు కూసిన మగాళ్ళు లేకపోలేదు. ఒక్కత్తిగా ఉంటే ఆ కూతలకి దిగిపోయేదే. గుంపుగా ఉన్నారు కాబట్టి నిలబడ్డారు.

"ఇదంతా ముచ్చట్లు, లెక్కలు చూపించండి" అనే ఇంజనీరు సోదరుల కోసం ఒక లెక్క. బీహారు ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతికొచ్చిన ఆడపిల్లలకి సైకిలు పథకం పెట్టింది. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు దాన్ని పరిశీలించి 2017లో అచ్చు వేశారు. ఆ వయసు ఆడపిల్లలు హైస్కూల్లో చేరడం 32 శాతం పెరిగింది. మగపిల్లలతో ఉన్న తేడా 40 శాతం తగ్గింది. ఎక్కువ లాభం ఎవరికంటే హైస్కూలు 3 కిలోమీటర్లకి మించి దూరమున్న ఊళ్ళ పిల్లలకి. ఇక్కడ అసలు మాట వినండి. అంతే డబ్బు ఇతర పథకాల్లో చేతికిస్తే రాని ఫలితం సైకిలిస్తే ఎందుకొచ్చింది అని వాళ్ళు ఆలోచించారు. ఊళ్ళో ఆడపిల్లలందరికీ ఒకేసారి ఇవ్వడం వల్ల వాళ్ళు గుంపుగా వెళ్ళగలిగారు, దాంతో భద్రత పెరిగింది, ఆడపిల్ల ఊరు దాటకూడదన్న కట్టుబాటు కూడా సడలింది, ఇదీ కారణం కావచ్చునన్నారు. ఆ గుంపు దారి పొడుగునా మౌనవ్రతం పట్టి వెళ్ళిందని మీరు గనక అనుకుంటే, మీకు తొమ్మిదో తరగతి ఆడపిల్లలెవరూ తెలియదని నేననుకుంటాను. :-)

ఇప్పుడు మా ఇంటి దగ్గరికి వద్దాం. మా అపార్టుమెంటులో మూడిళ్ళల్లో పని చేసే ఆవిడ ఉంది. మూడు కిలోమీటర్ల అవతల్నుంచి రోజూ నడిచి వచ్చేది, పోను నలభై నిమిషాలు, రాను నలభై నిమిషాలు. ఇంట్లో సైకిలు లేదా అంటే ఉంది. అది కొడుకుది. వాడు దాన్ని గోడకి ఆనించి ఆటోలో కాలేజీకి పోతాడు. పోనీ నువ్వు తీసుకోవచ్చుగా అంటే, "నాకెక్కడొచ్చమ్మా, జనం నవ్వుతారు" అంది. నలభయ్యేళ్ళ మనిషి.

మధ్యాహ్నం రెండింటికి కార్లన్నీ వెళ్ళిపోయి సెల్లారు ఖాళీగా ఉంటుంది. సెలవు రోజుల్లో మేమూ, మామూలు రోజుల్లో పిండి రుబ్బే ఆవిడా కలిసి అక్కడ నేర్పించడం మొదలెట్టాం. మొదటిరోజు డ్రైవర్లు నవ్వారు. రెండోరోజు ఆవిడ రాలేదు. బతిమాలి తీసుకొచ్చాం. మూడోరోజు బ్రేకు మర్చిపోయి నేరుగా వెళ్ళి స్తంభాన్ని గుద్దుకుంది. మోచెయ్యి గీరుకుంది. అందరం పరిగెత్తాం. టీచరు గారు తీరిగ్గా వచ్చి స్తంభాన్ని తడిమి చూసి, "పర్లేదు, దీనికేం కాలేదు. అపార్టుమెంటు వాళ్ళకి మనం డబ్బులు కట్టక్కర్లేదు" అన్నారు. ఆవిడ కిందపడే నవ్వడం మొదలెట్టింది, ఆగలేదు. తర్వాత నాతో ఏమందంటే, "డ్రైవర్లు నవ్వినప్పుడు ఇక ఇంటికి పోదామనుకున్నానమ్మా. మీరూ నవ్వేసరికి, నవ్వితే నవ్వారులే, ఇంకోసారి ఎక్కుదాం అనిపించింది" అని.

నేనింత పొడుగున వాదిస్తున్నదంతా ఆ రెండు నవ్వుల తేడా గురించే. ఆడమనిషిని సైకిలు దింపేది గతుకులు కాదు, ఎండ కాదు, "జనం నవ్వుతారు" అన్న భయం. దానికి విరుగుడు ఉపన్యాసం కాదు, పక్కన తొక్కే మనిషి వేళాకోళం. రెండు వారాల్లో ఆవిడ నేర్చుకుంది. ఇప్పుడు రోజుకి దాదాపు గంట మిగులుతోంది. ఇంకో ఇల్లు ఒప్పుకుంది. నెలకో ఇంటి జీతం అదనం. స్టామినా అంటే ఇదీ అని మనవి.

కానీ కథ సుఖాంతం అనేసుకోకండి. సాయంత్రం ఏడింటికి ఇంటికెళ్ళేటప్పుడు ఆవిడ దారిలో ఒక ఎనిమిది వందల మీటర్లు దీపాల్లేవు. అక్కడ సైకిలు దిగి, ఎవరైనా ఆడవాళ్ళు నడుస్తూ కనపడేదాకా ఆగి, వాళ్ళతో పాటు నడిపించుకుంటూ పోతుంది. ఇదే నగరంలో 2023 అక్టోబరులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు ట్రాకు తెరిచారు. పైన సోలారు పలకల కప్పు, రాత్రిపూట దీపాలు. చక్కటి ట్రాకు, మేమూ వెళ్తాం, ఆనందిస్తాం. కాకపోతే అక్కడికి కారు వెనక సైకిలు కట్టుకుని వచ్చేవాళ్ళని చూస్తుంటే నాకు ఆ ఎనిమిది వందల మీటర్లు గుర్తొస్తాయి. సరదాకి తొక్కేవాళ్ళకి కప్పు కూడా దొరికింది, పనికి పోయేదానికి ఒక బల్బు దొరకలేదు. ఈ సంగతి ఏ సర్వేలోనూ తేలలేదు. సెల్లారులో మెట్ల మీద కూచుని టీ తాగుతూ సొల్లు చెప్పుకుంటుంటే తేలింది. వార్డు ఆఫీసులో రెండు అర్జీలిచ్చాం. మూడోది రాస్తున్నాం.

ఆఫీసుల సంగతీ చెప్పాలి. నేను ఇదివరకు పనిచేసిన ఒక కంపెనీలో పార్కింగుకి యాప్ ఉండేది. బండి రిజిస్ట్రేషన్ నంబరు ఇవ్వందే చీటీ రాదు, చీటీ లేందే సెక్యూరిటీ లోపలికి పంపడు. సైకిలుకి నంబరెక్కడిది తండ్రీ? మూడు నెలలు టిక్కెట్లు పెట్టాను. "పరిశీలనలో ఉంది" అన్నారు. నా సైకిలు గేటు బయట పాన్ డబ్బా స్తంభానికి గొలుసేసి ఉండేది. ఇంతలో మహిళా దినోత్సవం వచ్చింది. అదే కంపెనీ అద్దె సైకిళ్ళు లారీలో దింపించి, మాకందరికీ గులాబీ రంగు టీషర్టులు పంచి, ఐదు కిలోమీటర్ల ర్యాలీ తీయించి, ఫోటోలు దిగి, కేకు కోసింది. మర్నాడు నా సైకిలు మళ్ళీ పాన్ డబ్బా దగ్గరే. ఆ పుదుక్కోట్టై ఊరేగింపుకీ దీనికీ తేడా ఏమిటంటే, వాళ్ళు మర్నాడు కూడా అవే సైకిళ్ళ మీద పనికి పోయారు.

ఇక మా మీద ఉన్న న్యాయమైన ఫిర్యాదు ఒకటుంది, దానికి జవాబు చెప్పాలి. "పక్కపక్కన తొక్కుతూ దారి అడ్డం పెడతారు" అని. నిజమే, ఇరుకు రోడ్డులో, వెనక బండ్లున్నప్పుడు అలా తొక్కకూడదు. మేం ఒకరి వెనక ఒకరం అయిపోతాం, వెనకనున్న టీచరు గారు "లైను!" అని క్లాసులో అరిచినట్టు అరుస్తారు. కానీ పొద్దున్న ఐదున్నరకి ఖాళీ రోడ్డు మీద ఇద్దరాడవాళ్ళు పక్కపక్కన పోతే అడ్డమేమిటండీ? ఒక్క మనిషి కూర్చున్న కారు అంతకన్నా ఎక్కువ చోటు తింటుంది. దాన్నెవరూ "కాస్త సన్నబడమ్మా" అనరు.

"మీ మంచికే చెప్తున్నాం, రోజులు బాగోలేవు" అనేవాళ్ళకి ఒక్కటే మాట. రోజులు బాగోలేవనే గుంపుగా వెళ్తున్నాం. వెనకున్న మనిషి మాట ఆగిపోయిందంటే ఏదో అయిందని మాకు ఆ క్షణమే తెలుస్తుంది. అందుకని మమ్మల్ని మాట్లాడొద్దనకండి.

మీ చేతనైన సాయం చెయ్యాలనుంటే చాలా చిన్న పనులున్నాయి. మీ ఇంటి గోడకి ఆనించి ఉన్న సైకిలు ఎవరిదో, పగలు ఎవరు వాడుకోవచ్చో ఒకసారి చూడండి. మీ వీధిలో దీపం లేకపోతే మీరూ ఒక అర్జీ పెట్టండి. సైకిళ్ళ షాపు నడిపేవాళ్ళుంటే వెడల్పు సీట్లు నాలుగు తెప్పించి పెట్టండి, చెప్పడానికి ఒక అమ్మాయిని పనిలో పెట్టుకోండి. ఇక ఏ ఆఫీసులోనైనా పార్కింగు యాప్ రాసే మహానుభావులు ఇది చదువుతుంటే, బండి నంబరు గడి ఖాళీగా వదిలినా ముందుకు పోనివ్వండి బాబూ. ఒక్క లైను మార్పు. కావాలంటే నేనొచ్చి రాసిస్తాను.